రాయి లేని సీమలో రాతి ఇల్లు: స్కారా బ్రే నమూనా ఎలా కట్టాలి

చరిత్రపూర్వ కట్టడం నమూనా అనగానే చాలామంది ఇంగ్లండ్‌లోని నిలువురాళ్ల వలయం స్టోన్‌హెంజ్ మొదలుపెడతారు. థర్మాకోల్ దిమ్మలు నిలబెట్టడం, మీద అడ్డదిమ్మలు పెట్టడం, గ్రే రంగు కొట్టడం. ఒక సాయంత్రంలో అయిపోతుంది. చూసేవాళ్లకు అర నిమిషంలో అయిపోతుంది. ఆ శ్రమేదో ఒక ఇంటి మీద పెట్టండి. మనుషులు వండుకుని, తిని, పడుకున్న ఇల్లు. అలాంటిది ఎంచుకోవాలంటే స్కారా బ్రేని మించింది నాకు కనపడలేదు.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ అని ద్వీపాల గుంపు ఉంది. అందులో పెద్ద ద్వీపం పడమటి ఒడ్డున, స్కెయిల్ అఖాతం పక్కన ఉన్న నవీన శిలాయుగపు పల్లె ఇది. క్రీ.పూ. 3180 నుంచి 2500 దాకా, సుమారుగా, అక్కడ జనం కాపురం ఉన్నారు. అంటే గీజా పెద్ద పిరమిడ్ లేవకముందే ఈ ఊళ్లో తరాలు గడిచిపోయాయి. ఇవాళ ఎనిమిది ఇళ్లు మిగిలి ఉన్నాయి.

కోనసీమలోనో, భీమవరం పక్కనో కూర్చుని ఇది కట్టడంలో ఒక తమాషా ఉంది. ధవళేశ్వరం కొండ దాటి దిగువకు వచ్చాక మనకు సముద్రం దాకా ఒండ్రే. బావి తవ్వితే మట్టి, ఇసుక, నీళ్లు, రాయి తగలదు. మన పాత ఇళ్లన్నీ తాటి దూలాలు, మట్టి గోడలు, ఆకు కప్పు. ఆర్క్‌నీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది వ్యవహారం. గాలికి చెట్టు ఎదగదు, కలప కరువు. రాయి మాత్రం పలకలు పలకలుగా ఊడి వస్తుంది. అందుకని వాళ్లు మంచాలు, అలమరాలు, పొయ్యి గట్టు, తలుపు అన్నీ రాతితోనే చేసుకున్నారు. అయిదు వేల ఏళ్ల తర్వాత కూడా ఇంటి సామాను ఇంట్లోనే ఉండిపోవడానికి కారణం అదే. వాళ్లకు టేకు దొరికి ఉంటే మనకు ఖాళీ గదులు మిగిలేవి.

బయటపడిన తీరు కూడా మనకు తెలిసిన బాపతే. 1850 చలికాలంలో పెద్ద తుఫాను వచ్చి ఇసుక దిబ్బను చీల్చేస్తే గోడలు కనిపించాయి. అక్కడి భూస్వామి విలియం వాట్ కొన్ని ఇళ్లు తవ్వించాడు. 1920లలో మరో తుఫాను ఒక ఇంట్లో కొంత భాగాన్ని పట్టుకుపోయింది. దాంతో అడ్డుగోడ కట్టి, గోర్డన్ చైల్డ్ అనే పురావస్తు పండితుడి చేత పద్ధతిగా తవ్వించారు. 1996 నవంబరు తుఫాను చూసిన మన వాళ్లకు, తుఫాను ఒక ఊరిని తెచ్చి చేతిలో పెట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

ఎంత కట్టాలి, ఏ కొలతలో

ఊరంతా కట్టాలని ఆశపడకండి. ఎనిమిది ఇళ్లూ కడితే ఒక్కో ఇల్లూ అగ్గిపెట్టంత అయి, మంచం మీద మంచం అని చీటీ పెట్టుకోవాల్సి వస్తుంది. ఒక ఇల్లు, దాని గుమ్మం, గుమ్మం ముందు సందులో ఒక ముక్క చాలు.

కొలత 1:25 పెట్టుకోండి. అసలు మీటరుకు నమూనాలో 4 సెంటీమీటర్లు. మీటర్లను నాలుగుతో గుణిస్తే సెంటీమీటర్లు వచ్చేస్తాయి, కాలిక్యులేటర్ అక్కర్లేదు. అక్కడి ఇళ్లు సగటున 40 చదరపు మీటర్లు. మూలలు గుండ్రం తిరిగిన చదరం అనుకుంటే ఒక్కో వైపు 6.3 మీటర్లు, నమూనాలో 25 సెంటీమీటర్లు. చుట్టూ దిబ్బకు, సందుకు చోటు వదిలితే 60×60 సెంటీమీటర్ల చెక్క సరిపోతుంది. ఆటోలో వెనక సీటు మీద పడుతుంది. ఇది చిన్న విషయం కాదు.

ఏ ఇల్లు అంటే, ఒకటో నంబరు ఇల్లు తీసుకోండి. ఫొటోలు ఎక్కువ దొరుకుతాయి. ఏడో నంబరు ఇంటికి కూడా ఫొటోలు బోలెడు ఉంటాయి కానీ ఒక జాగ్రత్త: సందర్శకుల కేంద్రం పక్కన ఏడో ఇంటికి నిలువెత్తు నకలు కట్టి పెట్టారు. కప్పు ఉండి, లోపల తోళ్లు పరిచి, కుండలు సర్ది ఉంటే అది నకలు. దాన్ని చూసి కడితే మీది నకలుకు నకలు అవుతుంది.

నేల పటం ఒకటి సంపాదించండి. అచ్చయిన పటాల కింద మీటర్ల గీత ఉంటుంది. ఆ 5 మీటర్ల గీత మీ కాగితం మీద 4 సెంటీమీటర్లు ఉందనుకోండి. మనకు కావలసింది 20. అంటే అయిదింతలు. జిరాక్స్ షాపులో ముందు 200 శాతానికి తీయించి, ఆ కాపీని 250 శాతానికి తీయించండి. ఇల్లు ఒక్క ఎ3 కాగితంలో పడుతుంది. ఇంటికొచ్చాక గీతను అడ్డంగానూ నిలువుగానూ కొలిచి చూసుకోండి. కొన్ని మిషన్లు ఒకవైపు కాస్త సాగదీస్తాయి.

కాలం తేల్చుకోకుండా జిగురు డబ్బా మూత తీయకండి

ఇవాళ్టి శిథిలం కడుతున్నారా, జనం కాపురం ఉన్నప్పటి ఇల్లు కడుతున్నారా? రెండూ కలిపితే ఎటూ కాదు. ఇవాళ్టిదైతే గోడల మీద పచ్చగడ్డి, పర్యాటకుల కాలిబాట, సముద్రానికి అడ్డుగోడ ఉండాలి. అప్పటిదైతే అవేవీ ఉండకూడదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది సముద్రం దగ్గర. ఇవాళ్టి ఫొటోలో అలలు ఊరికి ఆనుకుని కనిపిస్తాయి కాబట్టి చెక్క అంచున నీలం రంగు వేసేస్తారు. ఆ ఊరు కట్టిన రోజుల్లో సముద్రం ఇంకా దూరంగా ఉండేది. తర్వాత తర్వాత ఒడ్డును కోసుకుంటూ దగ్గరికొచ్చింది. ఉప్పాడ వెళ్లి చూసినవాళ్లకు ఈ ముక్క వివరంగా చెప్పక్కర్లేదు. పైగా లెక్క చూడండి: మన చెక్క 60 సెంటీమీటర్లు, అంటే అసలు నేలలో 15 మీటర్లు. ఆ పదిహేను మీటర్లలో సముద్రానికి చోటు లేదు.

నేను చెప్పేది కాపురం ఉన్నప్పటి ఇల్లు. కప్పు మాత్రం సగమే కడదాం. ఎందుకో అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

రాయి ఎక్కడ దొరుకుతుంది

బజారులో. పిల్లలు అక్షరాలు దిద్దే రాతిపలక. మార్కాపురం పలక ఇంకా స్టేషనరీ కొట్లలో, సంతల్లో దొరుకుతుంది. అక్షరాభ్యాసాల పుణ్యమా అని పూర్తిగా పోలేదు. రేకు పలక, అట్టపలక అంటగడతారు, చూసుకోండి. రాతిపలక ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంచున పొరలు కనిపిస్తాయి. పగిలినవి ఉంటే అడగండి, చవగ్గా ఇస్తారు. మనం ఎలాగూ పగలగొట్టేదే.

ఇంతకన్నా సరైన సరుకు లేదు. ఆర్క్‌నీ రాయి సుమారు 38 కోట్ల ఏళ్ల కిందటి ఒక పెద్ద సరస్సు అడుగున పేరుకున్న బురద, ఇసుక. పొరలుగా పేరుకుంది కాబట్టి పొరలుగానే ఊడుతుంది. పలక రాయీ పొరల మీద చీలేదే. పలక మందం 3 మిల్లీమీటర్లు ఉంటే, మన కొలతలో ఏడున్నర సెంటీమీటర్ల బండ. గోడరాయికి అదే తగిన మందం. రంగు వేసి రాయిలా నమ్మించే బాధ తప్పుతుంది.

ఎన్ని కావాలో లెక్క వేద్దాం. గదికి లోపలి చుట్టుకొలత, మూలల గుండ్రం తీసేస్తే, 90 సెంటీమీటర్లు. ముక్క సగటున రెండున్నర సెంటీమీటర్లు ఉంటే వరసకు 36. గోడ ఎత్తు 8 సెంటీమీటర్లకు 25 వరసలు. మొత్తం 900 ముక్కలు. 25×18 సెంటీమీటర్ల పలకలో, వృథా పోగా, రెండున్నర పొడవు ఒకటిన్నర వెడల్పు ముక్కలు ఓ 80 వస్తాయి. గోడకు పన్నెండు పలకలు, సామానుకూ సందుకూ ఇంకో మూడు. మొత్తం పదిహేను తెచ్చుకోండి.

గోడ వెలుపలి ముఖానికి రాయి ఎందుకు లెక్కలోకి తీసుకోలేదంటే, ఆ ఇళ్లకు వెలుపలి ముఖం కనపడదు. గోడల చుట్టూ చెత్తదిబ్బ ఉంటుంది. దాని సంగతి తర్వాత.

మిగతా సామాను: 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 2 సెంటీమీటర్ల థర్మాకోల్ షీటు, ఫెవికాల్, కొబ్బరి పొట్టు, ఒండ్రు మట్టి, జల్లించిన ఇసుక, ఊక, హ్యాక్సా బ్లేడు, కటింగ్ ప్లేయర్, కళ్లద్దాలు. కొబ్బరి పొట్టు కోనసీమలో పీచు మిల్లు పక్కన ఉంటే అడిగితే ఇస్తారు, లేదంటే కడియం నర్సరీల్లో ఇటుకలుగా అమ్ముతారు. వాడేముందు నాలుగు రోజులు ఎండలో పోసి బాగా ఎండనివ్వండి.

జిగురుకు మైదా ఉడకబెట్టకండి. మన చెమ్మకు బూజు పడుతుంది, బొద్దింకలు తినేస్తాయి. మైలుతుత్తం కలిపితే పురుగు రాదంటారు, నిజమే, కానీ అది విషం. పిల్లలు చేయి పెట్టే పనిలో వద్దు.

చెక్క, మురుగుకాలవ, నేల

ప్లైవుడ్‌కు కింద నాలుగు వైపులా బద్దలు కొట్టించండి. పై వైపు ఒక్కటే రంగు వేస్తే చెక్క వంగిపోతుంది. రెండు వైపులా, అంచులకూ ప్రైమర్ పూయండి. దాని మీద థర్మాకోల్ అతికించి, పెద్దది చేసిన పటాన్ని పరిచి, గుండుసూదితో గీతల వెంట పొడవండి. పటం తీసేస్తే చుక్కలు మిగులుతాయి.

ఇప్పుడు మురుగుకాలవ. ఆ పల్లెలో ఇళ్ల కింద రాతి కాలవలు ఉన్నాయి. అయిదు వేల ఏళ్ల కిందట. ఇవాళ్టి మన వీధుల గురించి నేనేమీ అనను. థర్మాకోల్‌లో ఒక సెంటీమీటరు వెడల్పున గాడి కోసి, లోపల సన్నపు పలక పీలికలు పేర్చి, మీద మూతబండలు పెట్టండి. ఒక బండ ఊడదీసి పక్కన పెట్టినట్టు వదలండి, లేకపోతే కాలవ ఉందని ఎవరికీ తెలియదు.

నేలకు ఒండ్రు మట్టి ఒక పాలు, సన్నని ఇసుక ఒక పాలు కలిపి, 2 మిల్లీమీటర్ల మందాన రెండు పూతలు వేయండి. ఉత్త ఒండ్రు అయితే వేసవిలో చెరువు అడుగులా నెర్రెలు విచ్చుతుంది. నీడలో ఆరనివ్వండి.

గోడకన్నా ముందు సామాను

అసలు ఇల్లు ఏ వరసలో కట్టారో గానీ, మనం మాత్రం సామాను ముందు పెట్టాలి. గోడలు లేచాక వేళ్లు పట్టవు.

నడిమధ్యన పొయ్యి. నాలుగు రాళ్లు అంచు మీద నిలబెట్టిన చదరం, 4 నుంచి 5 సెంటీమీటర్లు. లోపల నిజం బూడిద వేసి ఫెవికాల్ నీళ్లు చిలకరించండి. పక్కన సరుగుడు పుల్లలు కట్టగట్టి పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. కలప లేని ఊరది. ఎండిన పేడ, సముద్రపు నాచు లాంటివి తగలబెట్టుకునేవారని అనుకోవచ్చు. కాబట్టి చిటికెన వేలి గోరంత పిడకలు రెండు చేసి పెట్టండి, అవి మనకు బాగానే వచ్చు.

గుమ్మం నుంచి లోపలికి చూస్తే కుడివైపు పెద్ద మంచం, ఎడమవైపు చిన్న మంచం. రెండూ రాతి పెట్టెల్లా ఉంటాయి: ముందు ఒక నిలువు బండ, తలవైపు, కాళ్లవైపు ఒక్కోటి. కుడిది ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు చేయండి. ఎడమది కాస్త తగ్గించండి. ఇంటి తర్వాత ఇంట్లో ఇదే వరస. కుడిది మగవాళ్లదని, ఎడమది ఆడవాళ్లదని ఒక ఊహ చెబుతుంటారు. అది ఊహే, చీటీ మీద నిజంలా రాయకండి. ఇంకో సంగతి: తొలినాటి ఇళ్లలో మంచాలు గోడలోకి గూడులా చెక్కి ఉంటాయి, తర్వాతి ఇళ్లలో గదిలోకి ముందుకొచ్చి ఉంటాయి. మనం కట్టేది తర్వాతి రకం.

గుమ్మానికి ఎదురుగా, అవతలి గోడకు ఆనించి రాతి అలమర. వంగి లోపలికొచ్చి తల ఎత్తగానే మొదట కనపడేది ఇదే. చిన్న చిన్న నిలువు రాళ్లు, వాటి మీద అడ్డబండ, మళ్లీ నిలువు రాళ్లు, మళ్లీ అడ్డబండ. రెండు అరలు. మన ఇళ్లలో ఇత్తడి సామాను సర్దిన చెక్క బల్ల ఏ గౌరవంతో హాల్లో ఉంటుందో ఇది ఆ ఇంట్లో అలా ఉండి ఉండాలి. దీనికి పలకను పొరగా చీల్చి సగం మందం ముక్కలు వాడండి. సన్నని చాకు అంచున పెట్టి మెల్లగా తట్టితే చీలుతుంది. మూడింట్లో ఒకటి విరిగిపోతుంది, అది గోడలోకి పనికొస్తుంది. కాళ్లు ఎన్నో, ఎక్కడ ఉన్నాయో ఫొటోలో లెక్కపెట్టి అలాగే పెట్టండి. ఎంత టైమైనా ఇక్కడ పెట్టండి. ప్రదర్శనలో జనం వేలు పెట్టి చూపించేది దీన్నే.

నేలలో రెండు మూడు చిన్న రాతి తొట్లు పాతండి, సెంటీమీటరున్నర చదరం. అసలు తొట్లకు నీరు కారకుండా అతుకుల్లో మెత్తటి మట్టి కూరేవారు. సముద్రపు నత్తల్ని ఎరగా నానబెట్టుకోవడానికని ఒక అభిప్రాయం. అతుకుల్లో మీరూ మట్టి రాయండి.

గోడ

పలక కోయడానికి హ్యాక్సా బ్లేడు మూలతో లోతుగా గీత గీసి, బల్ల అంచున పెట్టి విరవండి. అంచులు కటింగ్ ప్లేయర్‌తో కొరికినట్టు చేస్తే యంత్రం కోసిన నునుపు పోయి రాయిలా కనిపిస్తుంది. అన్నీ ఒకే కొలతకు కోయకండి. పొడి పలకను అరగదీయకండి, కోయకండి, తడిపి చేయండి. ఆ దుమ్ములో సిలికా పొడి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. పలకల పనిలో ఉన్నవాళ్లకు వచ్చే జబ్బు అదే. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలకు పేర్చే పని ఇచ్చి విరిచే పని మీరు చేయండి.

పేర్చేటప్పుడు తాపీ మేస్త్రి చెప్పే మాట ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: సంధి మీద సంధి రాకూడదు. కింద వరసలో రెండు రాళ్లు కలిసిన చోట పై వరసలో రాయి నడుము పడాలి. అసలు గోడల్లో సున్నం లేదు, అడుసు లేదు, వట్టి రాయి మీద రాయి. మన నమూనా ఆటోలో ప్రయాణం చేయాలి కాబట్టి జిగురు తప్పదు. అయితే జిగురు ముక్కకు వెనక సగంలోనే రాయండి. గది లోపలి నుంచి చూస్తే ఎక్కడా తెల్లటి చార కనపడకూడదు. రాళ్ల మధ్య సందులు పూడ్చకండి, ఆ నీడలే గోడకు ప్రాణం.

రోజుకు అయిదారు వరసలకు మించి వేయకండి. తడి జిగురు మీద బరువు పడితే గోడ జారుతుంది. సగం ఎత్తు దాటాక ప్రతి రెండు వరసలకూ అర మిల్లీమీటరు లోపలికి జరపండి. ఆ ఇళ్ల గోడలు పైకి పోయేకొద్దీ గదిలోకి వాలతాయి. అతిగా జరిపితే గుడి శిఖరంలా అవుతుంది, జాగ్రత్త. మూలల్లో ముక్కల్ని సన్నగా, లోపలి అంచు పొట్టిగా కోసుకుంటే గుండ్రం సాఫీగా తిరుగుతుంది. ఒక చోట గోడ మందంలోకి 4 సెంటీమీటర్ల చిన్న అర ఒకటి వదలండి. అలాంటి అరలు అక్కడి గోడల్లో ఉన్నాయి, కొన్నింటి కింద మురుగుకాలవ కూడా పోతుంది. మరుగుదొడ్లని కొందరి అనుమానం.

గుమ్మం ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు చాలు. అసలు కొలతలో 1.1 మీటర్లు చిల్లర. నడుము వంచనిదే లోపలికి పోలేరు. ఎత్తు తక్కువైందేమో అని అనుమానపడి పెంచకండి. రెండు వైపులా నిలువు బండలు, మీద అడ్డబండ. తలుపు కూడా రాతి పలకే. దాని వెనక అడ్డగడియ దూర్చడానికి పక్క బండల్లో కంతలు ఉండేవి. కంత వేయడానికి 2 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టును చేత్తో తిప్పితే పలకలో దిగుతుంది. మోటారు పెడితే పగులుతుంది.

గుమ్మం ముందు సందు. ఇళ్లను కలుపుతూ బండల కప్పుతో ఇలాంటి పొట్టి సందులు ఉండేవి. గాలి, వాన లేకుండా ఇంటి నుంచి ఇంటికి పోవచ్చు. ఒక 10 సెంటీమీటర్లు కట్టి, కప్పుబండలు రెండు తీసేసి వదలండి.

అంతా అయ్యాక పలక నలుపు విరగడానికి సున్నపు నీళ్లలో కాస్త ఒండ్రు కలిపి పలచగా పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయండి. సందుల్లో మిగిలింది చాలు.

చుట్టూ చెత్తదిబ్బ

ఇది వదిలేస్తే స్కారా బ్రే కాదు. ఇళ్లు నేల మీద విడివిడిగా నిలబడి లేవు. బూడిద, ఎముకలు, నత్తగుల్లలు, కుళ్లిన ఇంటి చెత్త ఏళ్ల తరబడి పోగేసిన దిబ్బలో గోడలు ఇమిడి ఉన్నాయి. రాతి గోడకు దన్ను, చలికి అడ్డు. చెత్తను ఇంత బుద్ధిగా వాడుకున్నవాళ్లు తక్కువ. (మన వైపు పాలమూరు ఉట్నూరులో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు తవ్విన బూడిద దిబ్బ ఉంది, నవీన శిలాయుగపు పశువుల దొడ్డి, గిట్టల అచ్చులతో సహా దొరికింది. రెండో నమూనాకు దాన్ని తలచుకోండి.)

గోడ వెనకాల ముందు థర్మాకోల్ ముక్కలు పేర్చి బరువు తగ్గించండి. గోడను తాకే చోట కొబ్బరి పొట్టును ఫెవికాల్ నీళ్లతో ముద్ద చేసి కూరండి. అక్కడ మట్టి వద్దు. మట్టి ఆరుతూ కుంచించుకుపోయి గోడను తనతో లాగుతుంది. మట్టి, ఊక, ఇసుక కలిపిన ముద్ద బయటి వాలుకు వాడండి. మీద బూడిద, చితక్కొట్టిన చిన్న గుల్లలు, చేపముళ్ల ముక్కలు చల్లండి. అంతర్వేది నుంచో ఓడలరేవు నుంచో గుల్లలు, ఇసుక తెచ్చుకుంటే మంచినీళ్లలో మూడు నాలుగు సార్లు కడగండి. ఉప్పు మిగిలితే చెమ్మ లాగి తెల్లగా పొంగుతుంది.

కప్పు సగమే

రాతి సామాను నిలిచింది కానీ కప్పు నిలవలేదు. సముద్రం కొట్టుకొచ్చిన కలపో, తిమింగలం పక్కటెముకలో వాసాలుగా వేసి, మీద గడ్డి పెళ్లలో తోళ్లో కప్పి ఉంటారని పండితుల ఊహ. గోడలకు ఉన్నంత సాక్ష్యం కప్పుకు లేదు. అందుకే సగం కప్పి సగం వదిలేస్తే నమూనా ఆ తేడాను తనే చెబుతుంది, పైగా లోపలి అలమరా కనపడుతుంది.

తిమింగలం ఎముకలకు మన దగ్గర బొచ్చె ఉంది. పెద్ద బొచ్చె చేప పక్కముళ్లు వంపు తిరిగి, దంతపు రంగులో, అచ్చు సరిపోతాయి. పులుసు తిన్నాక ముళ్లు చాకలి సోడా నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, పిల్లి అందుకోని చోట ఎండబెట్టండి. వాటి మధ్య వాసాలకు కొబ్బరి ఈనెలు కాకుండా, గోదావరి ఒడ్డున దొరికే నీటికి నానిన వంకర పుల్లలు వాడండి. ఈనె మరీ తిన్నగా, ఒకే మందంగా ఉంటుంది. మీద తాటాకు నేత మాత్రం వేయకండి. మన చేతులు అలవాటుగా అటు పోతాయి, కానీ తాటిచెట్టు ఆర్క్‌నీలో లేదు. పచ్చ రంగు కలిపిన కొబ్బరి పొట్టును గోనెగుడ్డ మీద అతికించి గడ్డి పెళ్లలు చేయండి. కప్పు మొత్తం ఒక తీగ చట్రం మీద ఉండాలి, ఎత్తి పక్కన పెట్టేలా. గోడకు అతికించకండి.

మనుషులు, చీటీలు

మనిషి బొమ్మ లేకుండా కొలత ఎవరికీ అందదు. 6.4 సెంటీమీటర్లు చేస్తే 160 సెంటీమీటర్ల మనిషి. ఒకరిని గుమ్మంలో వంగి దూరుతున్నట్టు, ఒకరిని పొయ్యి దగ్గర కూర్చున్నట్టు చేయండి. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ల మట్టి అడిగి తెచ్చుకుంటే సన్నని పని వస్తుంది. తోలు బట్టలు చాలు. అక్కడ ఎముక సూదులు, పూసలు దొరికాయి కాబట్టి మెడలో పూసలు వేయవచ్చు. అలమరా మీద గాడులు గీసిన రెండు మట్టికుండలు పెట్టండి. ఆ ఊరి కుండలకు అదే గుర్తు. తిమింగలం ఎముకతో చేసిన 9.5 సెంటీమీటర్ల చిన్న బొమ్మ ఒకటి అక్కడ దొరికి, మాయమై, 2016లో స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో పెట్టెలో మళ్లీ బయటపడింది. మన కొలతలో అది 4 మిల్లీమీటర్లు. చేపముల్లు కొసను కాస్త గీకి పెడితే, దాన్ని వెతకమని పిల్లలకు పని చెప్పొచ్చు.

చీటీలు రెండు రంగుల్లో రాయండి. తవ్వకంలో దొరికినదానికి తెలుపు, ఊహకు పసుపు. గోడ, మంచం, అలమర, పొయ్యి, కాలవ తెల్లవి. కప్పు, పరుపు, బట్టలు, కుడి ఎడమ మంచాల కథ పసుపువి. ఒక మూల ఉత్తరం గుర్తు, మీటరు గీత, "క్రీ.పూ. 3180–2500, ఆర్క్‌నీ" అని. మీ పేరు వెనక వైపు రాసుకోండి.

తీసుకెళ్లడం, దాచడం

పలకలే నాలుగైదు కిలోలు ఉంటాయి. గదిలో మెత్తటి ఫోము ముక్క కూరి, కప్పు విడిగా డబ్బాలో పెట్టి, చెక్కను బద్దల కింద చేయి వేసి ఇద్దరు ఎత్తాలి. కోటిపల్లి రేవు దాటించాల్సి వస్తే పంటు మీద ఆటోలోంచి దింపకండి, ఒళ్లో పెట్టుకుని కూర్చోండి.

బల్ల రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే పిల్లలు పైనుంచి లోపలికి చూడగలరు. అద్దాల పెట్టె చేయిస్తే వెనక వైపు నాలుగు కంతలు పెట్టించి, వాటికి దోమతెర ముక్క అతికించండి. పూర్తిగా మూసేస్తే ఆషాఢంలో కొబ్బరి పొట్టు బూజు పడుతుంది. బల్ల కాళ్ల చుట్టూ బోరిక్ పొడి చల్లండి, చెదలకూ చీమలకూ. వానాకాలం వెళ్లాక ఒకసారి మెత్తటి రంగుల బ్రష్షుతో దుమ్ము దులిపి, ఊడిన రాయి ఏదైనా ఉంటే వెనక సగానికే జిగురు పెట్టి దాని చోట దాన్ని పెట్టేయండి.